ముప్పై సెకండ్లకొక గీత

ఒళ్ళో అట్ట, అట్ట మీద గళ్ళ కాగితం,
అరచేతిలో స్టాప్‌వాచ్.
ముప్పై సెకండ్లకోసారి తలెత్తి చూడాలి.
పిల్లవాడు పాఠంలో ఉంటే పై గడిలో గీత,
లేకుంటే కింది గడిలో.
పాఠంలో ఉండటమంటే ఏమిటో
మూడో అధ్యాయంలో నిర్వచించి పెట్టాను:
కళ్ళు బోర్డు మీదో, పుస్తకం మీదో, సారు మొహం మీదో.
తిరుపతిలో మా మేడమ్ ఆ వాక్యం కింద
ఎర్రసిరాతో ‘బాగుంది’ అని రాశారు.

పలమనేరులో బస్సు దిగి
షేర్ ఆటోలో, ఖాళీ టమోటా క్రేట్ల మధ్య
మోకాళ్ళు ముడుచుకుని వచ్చాను
ఈతమాకులపల్లె హైస్కూలుకు.
ఎనిమిదో తరగతి, మూడో బెంచీ, గోడ పక్క
గుణశేఖర్.
నా కాగితంలో పదిహేడో నంబరు.

ఏకాంబరం సారు త్రిభుజం గీశారు.
కింది గడి.
మూలలకు పేర్లు పెట్టారు.
కింది గడి.
మూడు కోణాలూ కూడితే ఎంతరా అన్నారు,
నూట ఎనభై అని గది అదిరింది,
వాడు చెంప చేతికిచ్చి, నోరు కొంచెం తెరిచి
కింది గడి కింది గడి కింది గడి.
సంతలో చిల్లర ఏరుకున్నట్టు
గీతలు ఏరుకుంటూ పోయాను.
నిజం చెప్పాలంటే, సంతోషంగానే.
ఇంత స్పష్టమైన డేటా నాలుగు బళ్ళు తిరిగినా దొరకలేదు.

రెండో రోజు
నాకేమీ వినపడలేదు, సారుకూ లేదు,
వాడి తల లేచింది.
మెడ ఒక పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి
కిటికీ అవతలి అడివికి చెవి ఇచ్చాడు.
ఒక నిమిషం. రెండు.
రెప్ప కదల్లేదు.
తర్వాత ‘మేక’ అని తనలో తనే అనుకుని
మళ్ళీ చెంప చేతికిచ్చాడు.
దాన్ని ఏ గడిలో గీయాలి?

మధ్యాహ్నం గుడ్డు వలుచుకుంటుంటే పక్కన కూర్చున్నాను.
రాత్రి ఎన్నింటికి పడుకుంటావు?
ప్రశ్నావళిలో పద్నాలుగోది,
నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి.
“ఏ రేత్రి మేడం?
ఒగ రేత్రి మా నాయనది, ఒగ రేత్రి నాది.
చెరుకు పండిండాది, మంచె మింద కాపలా ఉంటా.
ఏనుగులు అంత ఒళ్ళున్నా సప్పుడు చెయ్యవు మేడం.
కప్పలు అరిసేది నిలిపేస్తాయి సూడు,
అప్పుడు డబ్బా కొట్టల్ల.
టార్చి మాత్రం ఎయ్యగూడదు,
ఒంటిదైతే ఎలుగు మిందికే వస్తాది.”
పచ్చసొన ముందు తినేసి
తెల్లది చివరికి దాచుకున్నాడు.

మొగిలి ఘాట్ దిగుతున్న బస్సులో లెక్కేశాను.
రెండు రోజులకు నూట అరవై గళ్ళు.
పైవి పందొమ్మిది, కిందివి నూట ముప్పై ఏడు.
ఖాళీ నాలుగు.
ఫోన్‌లో మేడమ్ అన్నారు,
ఖాళీలుంటే ఆ పిల్లవాణ్ణి తీసెయ్యమ్మా,
వాడొక్కడు లేకున్నా నమూనా సరిపోతుంది.

ఆ రాత్రి హాస్టల్ మిద్దె మీద
స్టాప్‌వాచ్ నొక్కి కళ్ళు మూసుకున్నాను.
వినడమే పని, ఇంకేమీ లేదు.
అలిపిరి వైపు ఏదో బస్సు హారన్,
కుక్కలు, కింద బకెట్టు నిండుతున్న చప్పుడు,
ఇంటికి పంపాల్సిన డబ్బులు,
నాలుగో అధ్యాయం గడువు.
కళ్ళు తెరిస్తే
ఇరవై రెండు సెకండ్లు.
ఒక్క గడి కూడా నిండలేదు.

గురువారం వాడే నా అట్ట మీదికి వంగాడు.
వరుస చివర పదిహేడు చూసి, వేలు పెట్టి
కింది గళ్ళ వెంబడి మెల్లగా నడిపించాడు.
“ఈ గీతలన్నీ నాకేనా మేడం?”
నీకే అన్నాను.
పక్కవాడి వరుసకేసి చూశాడు, తక్కువున్నాయి.
మొహం ఇంత చేసుకుని పోయి కూర్చున్నాడు.
పై గడి ఏదో కింది గడి ఏదో
నేను చెప్పలేదు.